కోడ్ అందరిదీ, బైనరీ ఎవరిది?

2025 అక్టోబరు 15న మినియో అనే ఓపెన్ సోర్స్ స్టోరేజీ సర్వర్‌కు కొత్త రిలీజ్ వచ్చింది. తక్కువ అధికారాలున్న ఖాతా తనకు లేని అధికారాలను సంపాదించుకోగల లోపం ఒకటి ఆ సర్వర్‌లో బయటపడింది. భద్రతా లోపాల ఉమ్మడి జాబితాలో సీవీఈ-2025-62506 అనే నంబరు పడిన ఆ లోపాన్ని ఈ రిలీజ్‌లో సరిచేశారు. అప్‌డేట్ చేసుకుందామని ఎప్పట్లాగే డాకర్ హబ్ అనే డౌన్‌లోడ్ కేంద్రానికి వెళ్లినవాళ్లకు అక్కడ సెప్టెంబరు 7 నాటి ఇమేజే (నేరుగా నడిపేలా కట్టి ఉంచిన ప్యాకేజీ) ఆఖరుదిగా కనిపించింది. కొత్తది రాలేదు, ఇక రాదు కూడా. ఉచిత కమ్యూనిటీ ఎడిషన్‌ను ఇకపై సోర్స్ రూపంలోనే, అంటే మనుషులు రాసిన కోడ్‌గానే ఇస్తామని, కావలసినవాళ్లు దాన్ని మెషీన్ నేరుగా నడిపే బైనరీగా కంపైల్ చేసుకోవాలని ప్రాజెక్టు పేజీలో రాసి ఉంది.

చాలామందికి ఇది అర్థంకాని వ్యవహారంగా తోచింది. ఓపెన్ సోర్స్ అంటే ఉచితం కదా, మరి ఉన్నట్టుండి డౌన్‌లోడ్ ఎలా ఆపుతారు? ఆపితే లైసెన్స్ ఉల్లంఘన కాదా? కోడ్ చేతిలోనే ఉన్నప్పుడు ఇంత గొడవ దేనికి?

## క్లుప్తంగా

ఓపెన్ సోర్స్ లైసెన్స్ హామీ ఇచ్చేది కోడ్‌కు. ఆ కోడ్‌ను కంపైల్ చేసి, ప్యాక్ చేసి, డిజిటల్ సంతకం పెట్టి, ఏ లోపం బయటపడినా మళ్లీ తయారుచేసి ఇచ్చే పనికి ఏ లైసెన్సూ హామీ ఇవ్వదు. ఇన్నాళ్లూ ఆ పనిని డెబియన్ లాంటి డిస్ట్రోల (లినక్స్‌ను కూర్చి పంచే ప్రాజెక్టుల) వాలంటీర్లు కొంత, ప్రచారం కోసం కంపెనీలు కొంత ఊరికే చేసిపెట్టారు. 2025లో కంపెనీల వైపు నుంచి రెండు పెద్ద సరఫరాలు ఆగిపోయాయి. సొంతంగా ఒకసారి కంపైల్ చేసుకోవడం సులువే. తర్వాత ఏళ్ల తరబడి చేస్తూనే ఉండటం ఖర్చుతో కూడిన పని. ఆ పని చేసేవాళ్లను ఎంతవరకు నమ్మాలన్నది ఇంకో ప్రశ్న.

## ఒకే ఏడాదిలో రెండు కుళాయిలు

అమెజాన్ ఎస్3 అనే క్లౌడ్ స్టోరేజీ సేవ పద్ధతిలో ఫైళ్లు దాచుకునే సర్వర్‌ను ఎవరి మెషీన్‌లో వాళ్లు నడుపుకునేలా చేసింది మినియో. 2014లో మొదలైన ఈ ప్రాజెక్టును గో భాషలో రాశారు. ఒక్క ఫైలు దించుకుని నడిపితే సర్వర్ సిద్ధం. బ్యాకప్‌లకు, ఫొటోలు దాచే యాప్‌లకు, టెస్టింగ్‌కు జనం దీన్ని ఎంచుకోవడానికి ఆ సులువే ముఖ్య కారణం. 2021లో లైసెన్స్ అపాచీ 2.0 నుంచి ఏజీపీఎల్ మూడో వెర్షన్‌కు మారింది. 2025 మే నెలలో కమ్యూనిటీ ఎడిషన్ వెబ్ కన్సోల్‌లోంచి అడ్మిన్ పనులు చాలావరకు తీసేశారు. అక్టోబరులో రెడీమేడ్ బైనరీలు, డాకర్ ఇమేజ్‌లు ఆగాయి. డిసెంబరులో రెపో (కోడ్ ఉంచే చోటు) మెయింటెనెన్స్ మోడ్‌లోకి, అంటే కొత్త ఫీచర్లు చేర్చని దశలోకి వెళ్లినట్టు ప్రకటించారు. కంపెనీ అమ్ముకునే ఉత్పత్తి ఏఐస్టోర్ మాత్రం కొనసాగుతోంది.

రెండో కుళాయి బిట్నామీ. ఇది సొంతంగా సర్వర్ సాఫ్ట్‌వేర్ రాసే సంస్థ కాదు. పోస్ట్‌గ్రెస్, రెడిస్, కాఫ్కా, వర్డ్‌ప్రెస్ లాంటి వేరేవాళ్ల ప్రాజెక్టులను పద్ధతిగా ప్యాక్ చేసి ఇవ్వడమే దాని పని. 2019లో వీఎంవేర్ దీన్ని కొనుక్కుంది. 2023 నవంబరులో వీఎంవేర్‌తో పాటు బ్రాడ్‌కామ్ చేతికి వచ్చింది. వెర్షన్ నంబర్లతో ఉన్న ఉచిత ఇమేజ్‌ల కేటలాగును ఆగస్టు 28 నుంచి బిట్నామీ లెగసీ అనే వేరే రెపోలోకి మారుస్తామని 2025 జూలైలో ప్రకటించారు. గోల ఎక్కువ కావడంతో గడువు సెప్టెంబరు 29కి జరిగింది. లెగసీలో ఉన్నవాటికి అప్‌డేట్లు ఉండవు. డెవలపర్లు ప్రయత్నించి చూడటానికి కొన్ని ఇమేజ్‌లు మాత్రం, అదీ ‘లేటెస్ట్’ ట్యాగ్‌తో, ఉచితంగా మిగిలాయి. మిగతావి కావాలంటే చందా కట్టాలి.

రెండు చోట్లా కోడ్ ఎక్కడికీ పోలేదు. మినియో సోర్స్ గిట్‌హబ్‌లోనే ఉంది. ఇమేజ్ ఎలా కట్టాలో చెప్పే బిట్నామీ డాకర్‌ఫైళ్లు, క్లస్టర్‌లో ఎలా అమర్చాలో చెప్పే హెల్మ్ చార్టులు అపాచీ లైసెన్స్ కింద అక్కడే ఉన్నాయి. ఆగింది తయారీ, పంపిణీ.

గడువు రోజున అందరి సర్వర్లూ ఒక్కసారిగా పడిపోలేదు. ఇమేజ్‌లోంచి అప్పటికే మొదలై నడుస్తున్న ప్రోగ్రాము, అంటే కంటెయినర్, నడుస్తూనే ఉంటుంది. కంటెయినర్లను అనేక మెషీన్ల మీద నడిపే కుబర్నెటిస్ క్లస్టర్‌లో ఏదో ఒక మెషీన్ ఆగిపోయి, పాడ్ (కలిసి నడిచే కంటెయినర్ల కట్ట) ఇంకో మెషీన్‌కు మారవలసి వచ్చినప్పుడు ఆ కొత్త మెషీన్ ఇమేజ్‌ను మళ్లీ దించుకోవాలి. పాత చిరునామాలో ఆ ట్యాగ్ ఉండదు. ‘ఇమేజ్ పుల్ బ్యాకాఫ్’ అనే ఎర్రర్ అప్పుడు కనిపిస్తుంది. అది గడువు తర్వాత వారానికి కావచ్చు, మూడు నెలలకు కావచ్చు, చాలాసార్లు అర్ధరాత్రి కావచ్చు. మార్పు చేసింది ఎప్పుడో, దాని దెబ్బ తగిలేది ఇంకెప్పుడో. అందుకే ఇలాంటి మార్పులకు కారణం వెతకడమే సగం పని అవుతుంది.

## లైసెన్స్‌లో ఏముంది

1991 నాటి జీపీఎల్ రెండో వెర్షన్ ప్రకారం బైనరీ ఇచ్చేవాడు సోర్స్ కూడా ఇవ్వాలి. సోర్స్ ఇచ్చేవాడు బైనరీ ఇవ్వాలని అందులో ఎక్కడా లేదు. అపాచీ, ఎంఐటీ, బీఎస్‌డీ లైసెన్సుల్లో మొదటి షరతు కూడా లేదు. ఏజీపీఎల్ ఇంకో అడుగు వేసి, మార్చిన ప్రోగ్రామును నెట్‌వర్క్ మీద సేవగా నడిపితే దాన్ని వాడేవాళ్లకు సోర్స్ అందుబాటులో ఉంచాలంటుంది. అదీ సోర్స్ గురించే. మినియో కమ్యూనిటీ ఎడిషన్‌కు బైనరీలు ఆపడంలో లైసెన్స్ ఉల్లంఘన లేదు.

తయారీకి డబ్బు తీసుకోవడం కూడా ఈ ఉద్యమానికి కొత్త కాదు. 1985లో రిచర్డ్ స్టాల్‌మన్ ఈమాక్స్ ఎడిటర్‌ను టేపు మీద ఎక్కించి 150 డాలర్లకు అమ్మారు. నెట్‌వర్క్ సౌకర్యం ఉన్నవాళ్లు ఊరికే దించుకోవచ్చు, లేనివాళ్లు టేపు కొనుక్కోవచ్చు. కోడ్ స్వేచ్ఛ వేరు, దాన్ని ఇంటికి చేర్చే సేవ వేరు అన్న తేడా అప్పటికి అందరికీ తెలుసు. టేపు చేతికి కనిపించే వస్తువు కాబట్టి దానికి ధర ఉండటం ఎవరికీ వింతగా అనిపించలేదు. డాకర్ పుల్ అనే ఒక్క లైను కమాండ్ వచ్చాక ఆ తేడా కంటికి ఆనడం మానేసింది.

అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఈ తేడాను ఇప్పటికీ కాగితం మీద పాటిస్తోంది. ఆ సంస్థ లెక్కలో రిలీజ్ అంటే సోర్స్ ప్యాకేజీయే, ఓటింగ్ జరిగేది దాని మీదే. బైనరీలు ‘సౌకర్యం కోసం’ ఇచ్చేవి. వెబ్ సర్వర్ హెచ్‌టీటీపీడీకి విండోస్ బైనరీలను ఆ ప్రాజెక్టు తానుగా ఇవ్వదు. అపాచీ లాంజ్, ఎగ్జాంప్ లాంటి బయటివాళ్ల పేర్లు చూపిస్తుంది. పీహెచ్‌పీ నేర్చుకోవడానికి ఎగ్జాంప్ వేసుకున్న ఏ ఇంజినీరింగ్ విద్యార్థి అయినా తెలియకుండానే ఇంకొకరు కట్టిన బైనరీని వాడినట్టే.

## ఒక్క కమాండ్‌తో అయిపోతుందా

సోర్స్‌ను వడ్లతోనూ బైనరీని బియ్యంతోనూ పోల్చవచ్చు. వడ్లు ఉచితంగా వచ్చినంత మాత్రాన పొయ్యి మీద అన్నం ఉడకదు, మధ్యలో మిల్లు ఉండాలి. మినియో విషయంలో ఆ మిల్లు చిన్నదే. గో కంపైలర్ ఉంటే ‘గో ఇన్‌స్టాల్’ అనే ఒక్క కమాండ్‌తో బైనరీ చేతికొస్తుంది. ప్రాజెక్టు పేజీలో ఇచ్చిన సలహా కూడా అదే. పాతకాలం సీ ప్రోగ్రాములతో పోలిస్తే ఇది చాలా నయం.

చిన్న చిక్కులు అక్కడి నుంచే మొదలవుతాయి. అలా కట్టిన మినియోను వెర్షన్ అడిగితే తేదీతో కూడిన రిలీజ్ పేరు బదులు ‘డెవలప్‌మెంట్.గోగెట్’ అని వస్తుంది. ఎందుకంటే రిలీజ్ పేరును బైనరీలోకి ఎక్కించేది ప్రాజెక్టు సొంత బిల్డ్ స్క్రిప్టు, కంపైలర్‌కు దాని సంగతి తెలియదు. వెర్షన్ చూసి లోపాలు పట్టే స్కానర్ ఇక్కడ తికమక పడుతుంది. సెప్టెంబరు కోడా, అక్టోబరు కోడా అన్నది కట్టినవాడు రాసిపెట్టుకుంటేనే తెలుస్తుంది.

పెద్ద చిక్కు ఏమిటంటే, సోర్స్ మారకపోయినా బైనరీ పాతబడుతుంది. గో బైనరీలో మినియో కోడ్‌తో పాటు గో స్టాండర్డ్ లైబ్రరీ, బయటి నుంచి తెచ్చుకున్న లైబ్రరీలు కూడా కలిసిపోయి ఉంటాయి. వెబ్ మాటామంతీ నడిపే హెచ్‌టీటీపీ లేదా దాన్ని గుప్తంగా ఉంచే టీఎల్‌ఎస్ భాగంలో లోపం బయటపడి గో కొత్త వెర్షన్ వస్తే, మినియోలో ఒక్క అక్షరం మారకపోయినా మళ్లీ కంపైల్ చేయాలి. కంటెయినర్ ఇమేజ్‌లో దీనికి తోడు అడుగున బేస్ ఇమేజ్ ఉంటుంది. అందులోని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో లోపం వస్తే మళ్లీ బిల్డ్. బిట్నామీ చేసిపెట్టిన పనిలో ఎక్కువ భాగం ఇదే. ఎవరూ గమనించని, ఎవరూ మెచ్చుకోని రోజువారీ చాకిరీ.

సీ, సీ++లో రాసిన సర్వర్లతో ఇంకో రకం తలనొప్పి ఉంటుంది. లినక్స్‌లో ఎక్కువ బైనరీలు గ్లిబ్‌సీ అనే మూల లైబ్రరీ మీద ఆధారపడతాయి. పాత గ్లిబ్‌సీ మీద కట్టినది కొత్తదాని మీద నడుస్తుంది, కొత్తదాని మీద కట్టినది పాతదాని మీద మొరాయించవచ్చు. 2022లో జావాస్క్రిప్ట్‌ను సర్వర్ మీద నడిపే నోడ్ జేఎస్ 18 అధికారిక బైనరీలు గ్లిబ్‌సీ 2.28 కావాలన్నాయి. సెంట్‌ఓఎస్ 7లో ఉన్నది 2.17, ఉబుంటు 18.04లో 2.27. అప్పటికి ఆ రెండు సిస్టమ్‌లూ మద్దతు ఉన్నవే, బోలెడన్ని ఆఫీసుల్లో నడుస్తున్నవే. అయినా అధికారిక బైనరీ వాటి మీద కదలలేదు.

ప్రాసెసర్ విషయంలోనూ ఇలాంటి నిర్ణయాలుంటాయి. మోంగోడీబీ డేటాబేస్ 5.0 నుంచి ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ తరహా) బైనరీలకు ఏవీఎక్స్ అనే అదనపు సూచనలున్న ప్రాసెసర్ తప్పనిసరి. పాత సెలెరాన్ మెషీన్ల మీద, ప్రాసెసర్‌ను సాదాగా చూపించే వర్చువల్ మెషీన్ల మీద అది ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అంటూ ఆగిపోతుంది. కొందరు ఏవీఎక్స్ లేకుండా సొంతంగా కంపైల్ చేసుకున్నారు. కోడ్ ఒకటే, నడిచే మెషీన్ల జాబితా మాత్రం వేరు. బైనరీ ఇచ్చేవాడు కంపైలర్‌కు ఏ ఆప్షన్లు ఇచ్చాడో వాటి ప్రకారమే ఎవరి మెషీన్ చెల్లుతుందో తేలుతుంది. ఎక్స్86తో పాటు ఆర్మ్64, రెండు మూడు డిస్ట్రోలు, ఒక్కోదానిలో రెండు మూడు వెర్షన్లు అంటే ఒక్క రిలీజ్‌కే పదీ పదిహేను బిల్డులు తేలిగ్గా లెక్కకొస్తాయి. ప్రతిదాన్నీ నడిపి చూడాలి.

విండోస్ వైపు చూస్తే ఈ పని మానేస్తే ఏమవుతుందో కనిపిస్తుంది. రెడిస్ ప్రాజెక్టు విండోస్‌కు బైనరీ ఇవ్వదు. ఒకప్పుడు మైక్రోసాఫ్ట్ చేసిన పోర్ట్ మూడో వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. అది ఆగి ఏళ్లు గడిచినా, డౌన్‌లోడ్ దొరుకుతోంది కాబట్టి దాన్ని వేసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

## నమ్మకం ఎక్కడ తెగుతుంది

కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు. బైనరీ ఆ కోడ్‌లోంచే వచ్చిందని మాత్రం చదివి తెలుసుకోలేం. ఈ ఖాళీని ఎలా దుర్వినియోగం చేయవచ్చో 1984లోనే అచ్చయిన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో యునిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ వివరించారు. కంపైలర్‌నే మారిస్తే, శుభ్రమైన సోర్స్‌లోంచి కూడా దొంగ తలుపున్న ప్రోగ్రాము పుడుతుంది.

అంత లోతుకు పోనక్కరలేకుండానే దాడులు జరిగాయి. సర్వర్‌ను బ్రౌజర్ నుంచి నడుపుకునే వెబ్‌మిన్ ఉదాహరణ ఈ విషయానికి అచ్చంగా సరిపోతుంది. 2018 ఏప్రిల్‌లో దాని బిల్డ్ సర్వర్‌లోకి ఎవరో చొరబడి పాస్‌వర్డ్ మార్చే ఒక ఫైలులో దొంగ కోడ్ పెట్టారు. తేడా కనిపించకుండా ఫైలు తేదీని వెనక్కి జరిపారు. గిట్‌హబ్‌లోని సోర్స్ శుభ్రంగానే ఉంది. సోర్స్‌ఫోర్జ్ నుంచి జనం దించుకున్న 1.890 ప్యాకేజీలో మాత్రం, మామూలుగా ఇన్‌స్టాల్ చేసినా సరే, బయటివాడు సర్వర్‌లో కమాండ్లు నడిపే దారి ఏర్పడింది. ఇది బయటపడింది 2019 ఆగస్టులో. ఏడాదికి పైగా గిట్‌హబ్‌లో కోడ్ చదివిన ఎవరికీ తప్పు కనపడే అవకాశమే లేదు.

దీన్నిబట్టి సొంతంగా కంపైల్ చేసుకుంటే చాలు అనుకుంటే అదీ పొరపాటే. 2011లో వీఎస్‌ఎఫ్‌టీపీడీ అనే ఎఫ్‌టీపీ సర్వర్ 2.3.4 సోర్స్ ప్యాకేజీనే డౌన్‌లోడ్ సర్వర్ మీద మార్చేశారు. యూజర్ పేరులో నవ్వు ముఖం గుర్తు, అంటే కోలన్ పక్కన మూసే బ్రాకెట్, పెడితే 6200 పోర్టులో తలుపు తెరుచుకునేది. ఇక్కడ కలుషితమైంది మిల్లు కాదు, వడ్ల బస్తాయే.

2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ అనే ఫైల్ కంప్రెషన్ పరికరం వ్యవహారం ఈ రెండింటి మధ్య నడిచింది. ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ కోడ్ టెస్ట్ ఫైళ్ల రూపంలో రెపోలోనే దాగి ఉంది. దాన్ని బయటికి తీసి బైనరీలో కలిపే స్క్రిప్టు ముక్క మాత్రం రెపోలో లేదు, రిలీజ్ చేసిన సోర్స్ కట్టలో, అంటే టార్‌బాల్‌లోనే ఉంది. ఎక్స్86 మెషీన్ మీద డెబియన్ లేదా ఆర్‌పీఎం ప్యాకేజీ తయారవుతున్నప్పుడు మాత్రమే అది మేల్కొంటుంది. అంటే దాడి చేసినవాడు గురిపెట్టింది నేరుగా ప్యాకేజీలు కట్టే డిస్ట్రోల బిల్డ్ సర్వర్ల మీద. సర్వర్‌లోకి దూరం నుంచి ప్రవేశించే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం కావడం చూసి అనుమానించిన పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ మార్చి 29న దీన్ని బయటపెట్టారు. స్థిరమైన డిస్ట్రో వెర్షన్లకు చేరకముందే దొరికింది.

దీనికి ఇంజినీర్లు ఎంచుకున్న విరుగుడు రీప్రొడ్యూసబుల్ బిల్డ్. ఒకే సోర్స్‌ను ఇద్దరు వేర్వేరు మెషీన్ల మీద కడితే బైట్‌తో సహా ఒకే బైనరీ రావాలి. అప్పుడు ఒకరి మిల్లును ఇంకొకరు తనిఖీ చేయవచ్చు. చెప్పినంత తేలిక కాదిది. కంపైల్ చేసిన తేదీ, ఫోల్డరు పేరు, ఫైళ్ల వరస లాంటి చిన్న విషయాలు బైనరీలోకి చొరబడి తేడాలు తెస్తాయి. డెబియన్ ప్రాజెక్టు 2013 నుంచి వేల ప్యాకేజీల్లో వీటిని ఒక్కొక్కటిగా ఏరుతూ వస్తోంది. గో భాష 1.21 వెర్షన్ నుంచి తన కంపైలర్ పరికరాలను ఇలా ఎవరైనా సరిచూసుకునేలా తయారుచేస్తోంది. వెబ్‌మిన్ తరహా మోసం దీనికి దొరుకుతుంది. ఎక్స్‌జెడ్ తరహాది దొరకదు, ఎందుకంటే అక్కడ మలినమైన టార్‌బాల్‌ను ఎవరు కట్టినా ఒకే మలినమైన బైనరీ వస్తుంది.

## ‘అఫీషియల్’ అన్న ముద్ర

డాకర్ హబ్‌లో పోస్ట్‌గ్రెస్ ఇమేజ్ మీద అఫీషియల్ అని ఉంటుంది. దాన్ని చూసుకునేది పోస్ట్‌గ్రెస్ డాకర్ కమ్యూనిటీ. డేటాబేస్ రాసే బృందం వేరు. అక్కడ అఫీషియల్ అంటే డాకర్ తన పద్ధతి ప్రకారం ఒప్పుకున్నది అని అర్థం. డేటాబేస్ ప్రాజెక్టు తరఫున లినక్స్ ప్యాకేజీలు పీజీడీజీ (ఆ డేటాబేస్ డెవలప్‌మెంట్ బృందం) రెపోల్లో దొరుకుతాయి. విండోస్ ఇన్‌స్టాలర్ ఈడీబీ అనే కంపెనీ కడుతుంది. ఒకే డేటాబేస్‌కు మూడు దారులు, ముగ్గురు తయారీదార్లు. మూడూ మంచివే అయినా, లోపం వచ్చినప్పుడు ఎవరి నుంచి అప్‌డేట్ రావాలో వాడేవాడికి తెలిసి ఉండాలి.

సోర్స్‌కు ఒక లైసెన్స్, దాని బైనరీకి ఇంకో లైసెన్స్ ఉండటం కూడా మామూలే. సర్వర్ కాకపోయినా అందరికీ తెలిసిన ఉదాహరణ వీఎస్ కోడ్ అనే కోడ్ ఎడిటర్. కోడ్ ఎంఐటీ లైసెన్స్‌లో ఉంటే, మైక్రోసాఫ్ట్ సైటులో దొరికే బైనరీ వేరే షరతులతో వస్తుంది. ఆ షరతులు వద్దనుకునేవాళ్ల కోసం అదే సోర్స్‌లోంచి వీఎస్‌కోడియం కడుతున్నారు.

డెబియన్ దారి వేరు. మెయింటెయినర్ తన ల్యాప్‌టాప్‌లో కట్టిన బైనరీని ప్రాజెక్టు ఇప్పుడు నమ్మదు. 2019లో మొదలైన నిబంధన ప్రకారం సోర్స్ పంపితే ప్రాజెక్టు సొంత బిల్డ్ సర్వర్లే కట్టాలి, లేకపోతే ఆ ప్యాకేజీ తర్వాతి దశకు పోదు. దీనికి చెల్లించే మూల్యం ఆలస్యం. డెబియన్‌లో ఉండే వెర్షన్ తరచూ ఏడాది రెండేళ్ల పాతది, భద్రతా ప్యాచ్‌లు మాత్రం దానికే వెనక్కి తెచ్చి అతికిస్తారు. కొత్త ఫీచర్ల కోసం ఆగలేనివాళ్లు కంపెనీల ఇమేజ్‌లకు మళ్లింది అందుకే.

లినక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ వ్యాపారం మొత్తం ఈ తయారీ మీదే నిలబడింది. కోడ్ ఎవరికైనా దొరికేది, పరీక్షించి సర్టిఫికెట్‌తో పదేళ్లు నిలబెట్టే బైనరీకి చందా. ఆ సోర్స్‌ను మళ్లీ కంపైల్ చేసి ఉచితంగా ఇచ్చిన సెంట్‌ఓఎస్‌ను చివరికి రెడ్ హ్యాటే తనలో కలుపుకుంది. సెంట్‌ఓఎస్ 8ను 2021 చివరికి ముగిస్తామని 2020 డిసెంబరులో చెప్పింది. 2023 జూన్‌లో ఎంటర్‌ప్రైజ్ లినక్స్ ప్యాకేజీల సోర్స్‌ను అందరికీ బహిరంగంగా పెట్టడం మాని, సెంట్‌ఓఎస్ స్ట్రీమ్‌కూ కస్టమర్ల పోర్టల్‌కూ పరిమితం చేసింది. ఆ సోర్స్‌ను అందరికీ అందించడానికి ఒరాకిల్, సూసే, సీఐక్యూ కంపెనీలు కలిసి ఓపెన్ఈఎల్ఏ అనే సంఘం పెట్టుకున్నాయి. సెంట్‌ఓఎస్ స్థానంలో పుట్టిన అల్మాలినక్స్ మక్కీకి మక్కీ నకలు అనే లక్ష్యాన్ని వదిలి, ప్రోగ్రాములు ఒకేలా నడిస్తే చాలు అంది. రెడ్ హ్యాట్ బైనరీని కాపాడుకోవడానికి సోర్స్ దారిని ఇరుకు చేసింది. మినియో సోర్స్‌ను ఉంచి బైనరీని తీసేసింది. దారులు తిరగేసినా, డబ్బు వచ్చే చోటు రెండింటికీ ఒకటే.

## కంపెనీలు ఎందుకు ఆపుతున్నాయి

ఖర్చు ఒక కారణం. డౌన్‌లోడ్లకు బ్యాండ్‌విడ్త్ కావాలి. ఆ బరువు మోయలేక డాకర్ హబ్ 2020 నవంబరులో ఖాతా లేనివాళ్లకు ఆరు గంటలకు 100 పుల్స్, ఉచిత ఖాతాకు 200 అని పరిమితి పెట్టింది. మేవెన్ సెంట్రల్, పైపీఐ, క్రేట్స్ లాంటి ప్యాకేజీ భాండాగారాల నిర్వాహకులు ఈ సేవలు ఉచితంగా నడవవని 2025 సెప్టెంబరులో ఉమ్మడి ప్రకటన చేశారు. ఈ వాడకంలో పెద్ద వాటా మనుషులది కాదు. ప్రతి కమిట్‌కూ, అంటే కోడ్‌లో చేర్చే ప్రతి మార్పుకూ, అవే ఫైళ్లను మళ్లీ మళ్లీ దించుకునే ఆటోమేటిక్ బిల్డులది.

అయినా ఖర్చు కంటే పోటీ పెద్ద కారణంగా కనిపిస్తుంది. కంపెనీ కొత్తగా ఉన్నప్పుడు ఉచిత బైనరీ ప్రచారం చేసిపెడుతుంది. పేరొచ్చాక అదే బైనరీ కంపెనీ అమ్ముకునే ఎడిషన్‌కు ఎదురు నిలబడుతుంది. బాగా నడుస్తున్న ఉచిత ఇమేజ్ ఉన్నంతకాలం మేనేజర్ కొనుగోలు ఫైలు మీద సంతకం పెట్టడు. లైసెన్స్ మార్చడం ఒక మార్గం. 2018లో మోంగోడీబీ, 2021లో ఎలాస్టిక్, 2023లో హాషికార్ప్, 2024లో రెడిస్ ఆ పనే చేశాయి. టెర్రాఫామ్ నుంచి ఓపెన్‌టోఫు, రెడిస్ నుంచి వాల్కీ ఫోర్కులుగా, అంటే అదే కోడ్‌తో విడిపోయిన కొత్త ప్రాజెక్టులుగా పుట్టుకొచ్చాయి. లైసెన్స్ మారిస్తే ఓపెన్ సోర్స్ కాదన్న నింద వస్తుంది, ఫోర్కు లేస్తుంది. బైనరీ ఆపితే ఆ నింద రాదు. కోడ్ ఇంకా ఏజీపీఎల్‌లోనే ఉంది కదా అని చెప్పుకోవచ్చు. కానీ వాడేవాళ్లలో ఎక్కువమందికి ఫలితంలో పెద్ద తేడా ఉండదు.

చట్టాల ఒత్తిడి కూడా పెరుగుతోంది. యూరోపియన్ యూనియన్ సైబర్ రెసిలియెన్స్ యాక్ట్ 2024 డిసెంబరు 10న అమల్లోకి వచ్చింది. లోపాలను నివేదించే బాధ్యతలు 2026 సెప్టెంబరు నుంచి, ప్రధాన బాధ్యతలు 2027 డిసెంబరు నుంచి వర్తిస్తాయి. వాణిజ్యపరంగా ఉత్పత్తిని మార్కెట్లో పెట్టేవాళ్లకు ఈ బాధ్యతలు. డబ్బు ఆశించకుండా కోడ్ ఇచ్చే వ్యక్తికి కావు. కంపెనీ చేతి మీదుగా పోయే ప్రతి ఉచిత ఫైలుకూ లీగల్ విభాగం లెక్క చూసుకునే కాలమిది.

## దెబ్బ ఎవరికి, దారులేమిటి

పెద్ద కంపెనీలకు ఇది అంతగా తగలదు. వాటికి సొంత బిల్డ్ సర్వర్లు, ఇమేజ్‌లు దాచుకునే సొంత రిజిస్ట్రీ ఉంటాయి. ఇళ్లలో ఒక్క మెషీన్ నడుపుకునేవాళ్లు వేరే సాఫ్ట్‌వేర్‌కు మారిపోతారు. మధ్యలో ఉన్నవాళ్లే ఇరుక్కుంటారు. హైదరాబాదులోనో విశాఖలోనో ముప్పై మందితో నడిచే సాఫ్ట్‌వేర్ సంస్థలో క్లస్టర్ చూసుకునేది ఒక్కరే కావచ్చు, అదీ మిగతా పనులతో పాటు. చందా కట్టే స్తోమత ఉండదు, నెలనెలా ఇమేజ్‌లు కట్టుకునే తీరికా ఉండదు.

మినియో వాడేవాళ్లకు సీవీడ్‌ఎఫ్‌ఎస్, గరాజ్, సెఫ్ లాంటి ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. సెఫ్ పెద్ద వ్యవస్థ, చిన్న బృందానికి మోయడం కష్టం. గరాజ్ చిన్న చిన్న చోట్ల విడివిడిగా ఉన్న మెషీన్లను దృష్టిలో పెట్టుకుని చేసినది, ఎస్3లోని అన్ని సౌకర్యాలూ ఉండవు. ఏదైనా డేటా తరలింపు తప్పదు, టెరాబైట్లలో ఉంటే అదొక ప్రాజెక్టు. బయటివాళ్లు కట్టి పెడుతున్న మినియో ఇమేజ్‌లు కూడా దొరుకుతున్నాయి. వాటితో అప్పటికప్పుడు పని గడుస్తుంది, కానీ నమ్మకం సమస్య వెబ్‌మిన్ దగ్గరికే తిరిగొస్తుంది. ఎవరు కట్టారు, ఏ కమిట్ నుంచి కట్టారు, బిల్డ్ లాగ్ బయట పెట్టారా అన్నవి చూడకుండా తీసుకుంటే పాత ఇమేజ్‌కు బదులు తెలియని ఇమేజ్ వచ్చినట్టే. అసలు ప్రాజెక్టే 2025 డిసెంబరులో మెయింటెనెన్స్ మోడ్‌లోకి వెళ్లినందువల్ల ముందు ముందు కోడ్‌లో లోపాలు ఎవరు సరిచేస్తారన్నది దీనికి అదనం.

సొంతంగా కట్టుకోవాలని నిర్ణయించుకుంటే పని మూడు ముక్కల్లో ఉంటుంది. వెర్షన్ ట్యాగ్ నుంచి ప్రాజెక్టు సొంత స్క్రిప్టుతోనే కట్టడం, ఫలితాన్ని సొంత రిజిస్ట్రీలో పెట్టి ట్యాగ్ బదులు డైజెస్ట్‌తో (ఆ ఇమేజ్ బైట్ల నుంచి లెక్కగట్టిన గుర్తుతో) వాడటం, కోడ్ మారినా మారకపోయినా వారానికోసారి మళ్లీ కట్టడం. మొదటి రెండూ ఒక పూటలో అవుతాయి. మూడోదే ఎక్కువచోట్ల మూడో నెలకే ఆగిపోతుంది.

మన దేశంలో ఈ లెక్క అడిగేవాళ్లు వచ్చారు. సాఫ్ట్‌వేర్‌లో ఏయే భాగాలు ఉన్నాయో చూపే ఎస్‌బామ్ జాబితా గురించి కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 జూలైలో వాటిని విస్తరించింది. సెబీ 2024 ఆగస్టులో తెచ్చిన సైబర్ భద్రతా చట్రంలోనూ ఎస్‌బామ్ ప్రస్తావన ఉంది. స్టాక్ బ్రోకర్లకు, ఫండ్ సంస్థలకు సాఫ్ట్‌వేర్ చేసి ఇచ్చే బృందాలను ఆడిటర్ ఈ జాబితా అడుగుతాడు. కంటెయినర్లలో ఏముందో అందులో ఒక్కొక్కటిగా రాయాలి.

బిట్నామీ చిరునామాను బిట్నామీ లెగసీగా మార్చి ఊరుకున్న క్లస్టర్లు ఇవాళ్టికీ నడుస్తున్నాయి, లాగుల్లో ఎర్రర్ ఏమీ లేదు. ఆ ఇమేజ్‌ల అడుగునున్న లైబ్రరీల మీద కొత్త సీవీఈలు వచ్చిపడుతూనే ఉన్నాయి. మినియో సెప్టెంబరు 7 ఇమేజ్ కూడా డాకర్ హబ్‌లో అలాగే ఉంది. లేటెస్ట్ ట్యాగ్ పెట్టుకుని రోజూ అప్‌డేట్ కోసం అడిగే సర్వర్‌కు డాకర్ హబ్ రోజూ ఇచ్చే జవాబు, ఉన్నదే సరికొత్తది అని.